చిన్న పిస్తోలు చెప్పిన పాఠం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల క్రితం మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నయ్యా, డాక్టర్లూ ఇంజనీర్లూ మాట్లాడుతున్నారు. నువ్వు కూడా నీ ఉద్యోగం గురించి పావుగంట మాట్లాడాలి" అన్నాడు. నా ఉద్యోగం పోలీసు శాఖలో ఆర్మరర్. అంటే తుపాకులు బాగుచేసేవాణ్ణి. "పిల్లల ముందు తుపాకుల మాటలెందుకురా" అన్నాను. వాడు ఊరుకోలేదు. హెడ్మాస్టరు గారినీ అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "సైన్సు చెప్పండి, సినిమా చెప్పకండి" అన్నారు. ఆ మాట మీదే ఇక్కడ నిలబడ్డాను.

నేను 1978లో ఇక్కడే పదో తరగతి పాసయ్యాను. ఆ మూలనున్న గది అప్పట్లో సైన్సు రూము. న్యూటన్ మూడో నియమం చెప్పిన రోజు మా సైన్సు మాస్టారు బోర్డు మీద ఒక లెక్క వేశారు. తుపాకీ బరువు ఇంత, గుండు బరువు ఇంత, గుండు వేగం ఇంత, మరి తుపాకీ ఎంత వేగంతో వెనక్కి తన్నుతుంది? పరీక్షలో ఆ లెక్క నాకు తప్పింది. మాస్టారు పేపరు చేతికిస్తూ, "ఒరేయ్, గుండు వెళ్ళిపోయాక తుపాకీ సంగతి ఎవరు చూస్తారనుకున్నావు?" అన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ సంగతి చూసే పనే నాకు దొరికింది. ఆయన ఇవాళ ఉండుంటే నవ్వుకునేవారు.

సరే, ఆ లెక్క ఇప్పుడు సరిగ్గా చేద్దాం. పిల్లలూ, మనసులో వేసుకోండి. పోలీసుల పిస్తోలు గుండు బరువు సుమారు 8 గ్రాములు. వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. రెండూ గుణిస్తే ద్రవ్యవేగం 2.8. పిస్తోలు కిలో బరువుంటే సెకనుకు 2.8 మీటర్ల వేగంతో వెనక్కి తంతుంది. అదే పిస్తోలును అరకిలోకి తగ్గిస్తే 5.6 మీటర్లు. గతిశక్తి లెక్క వేస్తే కిలో పిస్తోలుకు దాదాపు 4 జౌళ్ళు, అరకిలోకి దాదాపు 8 జౌళ్ళు. బరువు సగమైతే చేతికి తగిలే దెబ్బ రెట్టింపు. చిన్న పిస్తోలు తయారుచేసే ప్రతి ఇంజనీరూ మొదట ఎదుర్కొనే చిక్కు ఇదే. జేబులో పట్టేలా చేస్తే చేతిలో నిలవదు, చేతిలో నిలిచేలా చేస్తే జేబులో పట్టదు.

ఈ చిక్కు మీద పనిచేసినవాళ్ళలో మొదట చెప్పుకోవలసిన మనిషి జాన్ మోజెస్ బ్రౌనింగ్. 1855లో అమెరికాలోని యూటా రాష్ట్రం ఆగ్డెన్‌లో పుట్టాడు. తండ్రిది కూడా తుపాకుల మరమ్మతు కొట్టే. ఆయన డిజైన్లను బెల్జియంలోని హెర్‌స్టాల్‌లో ఉన్న ఎఫ్‌ఎన్ కర్మాగారం తయారుచేసేది. ఆ కర్మాగారంలోనే 1926 నవంబరు 26న గుండె ఆగి చనిపోయాడు. పని బల్ల దగ్గరే పోయాడంటారు.

1900 నాటి ఎఫ్‌ఎన్ పిస్తోలుతో ఆయన రెండు కొత్త సంగతులు తెచ్చాడు. ఒకటి స్లైడ్. బ్యారెల్ మీద తొడుగులా కూర్చుని, గుండు పేలగానే వెనక్కి జారి, ఖాళీ కేసును బయటికి నెట్టి, స్ప్రింగు బలంతో ముందుకొస్తూ కొత్త తూటాను లోపలికి తోసే ఉక్కు ముక్క అది. ఇవాళ్టి పిస్తోళ్ళన్నిటిమీదా దాదాపు అదే కనిపిస్తుంది. రెండోది 7.65 మిల్లీమీటర్ల చిన్న తూటా. మన దేశంలో లైసెన్సు ఉన్నవాళ్ళు .32 అని పిలిచేది దాన్నే.

ఆ చిన్న పిస్తోలులో తలుపుకు గడియ ఉండదు. గుండు ముందుకు పోతుంటే, వెనక తలుపును మూసి ఉంచేది స్లైడ్ బరువూ స్ప్రింగు బలమూ మాత్రమే. దీన్ని బ్లోబ్యాక్ అంటాం. భాగాలు తక్కువ, చవక, నమ్మకం. అయితే తూటా బలం పెరిగితే స్లైడ్ బరువూ పెంచాలి. .32 గుండు ద్రవ్యవేగం సుమారు 1.4, 9 ఎం.ఎం. గుండుది 2.8. అంటే అదే పద్ధతిలో 9 ఎం.ఎం. పిస్తోలు చేయాలంటే స్లైడ్ రెండింతలు బరువుండాలి. అప్పుడది జేబులో పెట్టుకునే వస్తువు కాదు.

1910లో బ్రౌనింగ్ ఇంకో మెట్టు ఎక్కాడు. అంతవరకూ బ్యారెల్ పైనో కిందో విడిగా ఉండే స్ప్రింగును బ్యారెల్ చుట్టూ తొడిగాడు. గాజు మీద దారం చుట్టినట్టు. దాంతో ఎత్తు తగ్గింది, పిస్తోలు నున్నగా, పలచగా వచ్చింది. జర్మనీలో 1929లో వచ్చిన వాల్తర్ పీపీ, దాన్ని కుదించి తర్వాత తెచ్చిన పీపీకే, రష్యన్ల మకరోవ్, అన్నిట్లోనూ స్ప్రింగు ఉన్నది బ్యారెల్ చుట్టూనే. 1914లో సరయేవోలో ఆర్చ్‌డ్యూక్ ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను చంపింది 1910 నమూనా పిస్తోలే. మొదటి ప్రపంచ యుద్ధానికి దారితీసిన కాల్పులు అవి. హెడ్మాస్టరు గారు ఎందుకు ఆలోచించి ఒప్పుకున్నారో నాకు తెలుసు. కోటులోపల దాక్కునే వస్తువు కాపలావాడికి ఎంత పనికొస్తుందో హంతకుడికీ అంతే పనికొస్తుంది. ఇంజనీరు తెలివికి ఆ తేడా తెలియదు. ఇది మరచిపోయి నేను ఒక్క మాట కూడా చెప్పదలచుకోలేదు.

వాల్తర్ పీపీలో నాకు నచ్చిన చిన్న ఏర్పాటు ఒకటుంది. ఛాంబర్‌లో తూటా ఉంటే వెనకవైపు ఒక సన్నని పిన్ను బయటికి పొడుచుకొస్తుంది. చీకట్లో బొటనవేలితో తడిమి తెలుసుకోవచ్చు. లోపల ఏముందో పిస్తోలే చెబుతుందన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

పెద్ద తూటాకు గడియ కావాలన్నాను కదా. ఆ గడియ కూడా బ్రౌనింగ్‌దే. 1911లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ పిస్తోలులో బ్యారెల్, స్లైడ్ ఒకదానికొకటి పళ్ళతో పట్టుకుని ఉంటాయి. గుండు పేలాక రెండూ కలిసి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి వస్తాయి. అంతలో గుండు బయటికి వెళ్ళిపోతుంది, ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు బ్యారెల్ వెనక భాగం కిందికి వంగి పళ్ళు విడిపోతాయి. స్లైడ్ ఒక్కటే మిగిలిన దూరం పోతుంది. ఇదంతా మనం కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది.

బ్రౌనింగ్ పోయాక ఆయన సగంలో వదిలిన పనిని బెల్జియం ఇంజనీరు ద్యుదొనె సైవ్ పూర్తి చేశాడు. 1935లో హై-పవర్ వచ్చింది. సైవ్ ఆలోచించింది మేగజైన్ గురించి. అంతకుముందు చాలా పిస్తోళ్ళలో తూటాలు ఒకదానిమీద ఒకటి నిచ్చెన మెట్లలా ఉండేవి. 1911 కోల్ట్‌లో ఏడు పట్టేవి. సైవ్ వాటిని అటొకటి ఇటొకటి జడ అల్లినట్టు పేర్చి, పిడిలో 13 పట్టించాడు. మన దేశంలో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే 9 ఎం.ఎం. 1ఏ పిస్తోలు ఈ వంశానిదే. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నా చేతికి మొదట వచ్చింది అదే. మంచి యంత్రం, కానీ కిలో దగ్గర బరువు. సఫారీ చొక్కా కింద పెట్టుకు తిరిగే గన్‌మన్‌ల నడుములు అడిగితే చెబుతాయి.

బరువు తగ్గించే దారి ప్లాస్టిక్ చూపించింది. ప్లాస్టిక్ అంటే బకెట్లు చేసే ప్లాస్టిక్ కాదు, పాలిమర్. 1970లో జర్మనీలో హెక్లర్ అండ్ కాఖ్ కంపెనీ వీపీ70 అనే పిస్తోలుకు పాలిమర్ ఫ్రేము పెట్టింది. అది పెద్దగా నిలవలేదు. 1982లో ఆస్ట్రియా సైన్యం గ్లాక్ 17ను ఎంచుకున్నాక లోకం అటు తిరిగి చూసింది. దాన్ని తయారుచేసిన గాస్టన్ గ్లాక్ అంతకుముందు కర్టెన్ కడ్డీలు, సైన్యానికి కత్తులు చేసిన మనిషి. తుపాకీ ఒక్కటీ చేసి ఎరగడు. అందుకే తుపాకీ ఇలాగే ఉండాలన్న పట్టుదల కూడా ఆయనకు లేదు. స్లైడ్ జారే పట్టాలు మాత్రం ఉక్కువి. అవి పాలిమర్‌లో పొదిగి ఉంటాయి. బరువు దాదాపు మూడో వంతు తగ్గింది. పాలిమర్ కొద్దిగా వంగుతుంది కాబట్టి దెబ్బ కూడా చేతికి కాస్త మెత్తగా తగులుతుంది.

ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పాలి. 1994లో అమెరికాలో పదికి మించి తూటాలు పట్టే కొత్త మేగజైన్లు సామాన్యులకు అమ్మకూడదని చట్టం చేశారు. అది 2004 దాకా ఉంది. పదే పట్టాలంటే పెద్ద పిడి ఎందుకు? ఆ పదేళ్ళలో చాలా కంపెనీలు చిన్న పిస్తోళ్ళ మీద పడ్డాయి. గ్లాక్ 26 లాంటివి అప్పుడు వచ్చినవే. తూటాల సంఖ్య తగ్గించాలని చట్టం చేస్తే, దాక్కునే పిస్తోళ్ళు పెరిగాయి.

చిన్నది చేయడం అంటే పెద్దదాన్ని రంపంతో కోయడం కాదు. బ్యారెల్ ఎంత కుదించినా తూటా పొడవు కుదరదు. అది దాదాపు 30 మిల్లీమీటర్లు. స్లైడ్ అంతకన్నా ఎక్కువ దూరం వెనక్కి పోతేనే కింది తూటా పైకి లేస్తుంది. అంటే స్ప్రింగు ఉండే చోటు తగ్గింది కానీ అది చేయాల్సిన పని తగ్గలేదు. ఒక్క స్ప్రింగు సరిపోక, ఒకదానిలో ఒకటి దూర్చి రెండు పెట్టారు. గట్టి స్ప్రింగు కాబట్టి స్లైడ్ లాగడానికి వేళ్ళలో సత్తువ కావాలి. పొట్టి బ్యారెల్ పళ్ళు విడిపించుకోవాలంటే ఎక్కువ వంగాలి. పెద్ద పిస్తోలులో బ్యారెల్ మూతిని పట్టి ఉంచే ఉంగరం ఇక్కడ అడ్డం పడుతుంది. అందుకని ఆ ఉంగరం తీసేసి, బ్యారెల్ మూతినే గరాటాలా వెడల్పు చేశారు. ముందు మూసుకున్నప్పుడు బిగుతుగా కూర్చుంటుంది, వెనక్కి రాగానే వదులవుతుంది.

2018లో వచ్చిన సిగ్ పీ365 ఈ వరసలో పెద్ద అడుగు. అంగుళం మించి కొంచెమే మందం, అరకిలో బరువు, మేగజైన్‌లో పది తూటాలు. కిటుకు మేగజైన్‌లోనే ఉంది. తూటాలు పూర్తిగా ఒక వరసా కాదు, పూర్తిగా రెండు వరసలూ కాదు. కింద కొంచెం ఎడంగా ఉండి, పైకి వచ్చేసరికి ఒక్క వరసగా సన్నబడతాయి. సైవ్ వేసిన జడనే ఎనభై ఏళ్ళ తర్వాత ఇంకొంచెం బిగించి అల్లారు.

మన దేశంలో సామాన్యులకు 9 ఎం.ఎం. లైసెన్సు ఇవ్వరు. అందుకని ఇక్కడి కర్మాగారాలు ఎక్కువగా .32లో పనిచేశాయి. అశని పిస్తోలు, కాన్పూర్‌లో 2014లో ఆడవాళ్ళ కోసమని తెచ్చిన అరకిలో బరువు నిర్భీక్ రివాల్వర్ ఆ కోవలోవే.

ఇంతవరకూ చెప్పింది పుస్తకాల్లో దొరుకుతుంది. ఇక దొరకనిది చెబుతాను.

2000 దాటాక మా యూనిట్‌కు కొత్త చిన్న పిస్తోళ్ళు వచ్చాయి. ఏ కంపెనీవి, ఏ జిల్లాలో అన్నది వద్దు. తప్పు వాటిది కాదు. గన్‌మన్ డ్యూటీ చేసేవాళ్ళకు వాటి మీద తరగతి చెప్పే పని నాకు పడింది. ఒక పూట చెప్పాను. విప్పడం, తుడవడం, నూనె వేయడం, బిగించడం. బరువెంత, తూటాలెన్ని, ఎంత తేలిక అని గొప్పలు కూడా చెప్పాను. అందరూ చేతుల్లో తిప్పి చూసి మురిసిపోయారు.

మాలో ఒక హెడ్ కానిస్టేబుల్ ఉండేవాడు. వయసులో పెద్ద. అందరం బాబాయ్ అనేవాళ్ళం. ఇరవై ఏళ్ళుగా పాత 9 ఎం.ఎం. మోసినవాడు. హై-పవర్ నమూనాలో ఒక ఏర్పాటు ఉంది. మేగజైన్ బయటికి తీస్తే ట్రిగ్గర్ నొక్కినా పేలదు. ఛాంబర్‌లో తూటా ఉన్నా పేలదు. డ్రిల్లులో "ఖాలీ కర్" అంటే మేగజైన్ తీసి, స్లైడ్ లాగి, కంటితో చూసి, వేలితో తడిమి, అప్పుడు ట్రిగ్గర్ నొక్కాలి. కానీ రోజూ చేసే పనిలో మధ్య మెట్లు ఒక్కొక్కటే జారిపోతాయి. పాత పిస్తోలు ఆ తప్పును ఇరవై ఏళ్ళు క్షమించింది. అందుకే ఆ తప్పు ఎవరికీ కనపడలేదు.

కొత్తదానిలో ఆ ఏర్పాటు లేదు. మేగజైన్ తీసినా, లోపల తూటా ఉంటే పేలుతుంది. ఇలాంటి కొన్ని పిస్తోళ్ళను విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే. ఒక రాత్రి పదకొండు దాటాక బాబాయ్ డ్యూటీ దిగి, బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో పిస్తోలు అప్పగించడానికి వచ్చాడు. పొద్దున్నించి ఎండలో తిరిగిన మనిషి. మేగజైన్ తీసి బల్ల మీద పెట్టాడు. తుడిచి ఇద్దామని, ఎడమ అరచేయి మూతికి ఆనించి ట్రిగ్గర్ నొక్కాడు.

నేను పక్క గదిలో రిజిస్టరు రాస్తున్నాను. ఆ చిన్న గదిలో ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ప్రాణం దక్కింది. ఎడమ చేతిలో రెండు వేళ్ళు మళ్ళీ ముడవలేదు.

విచారణ జరిగింది. నన్ను పిలిచి, "ట్రైనింగ్ ఇచ్చావా?" అని అడిగారు. "ఇచ్చానండి" అన్నాను. రిజిస్టరులో తేదీ ఉంది, బాబాయ్ సంతకం ఉంది. అజాగ్రత్త అని తేల్చి ఆయనకు ఇంక్రిమెంటు ఆపారు. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ ఒక మాట నేను దాచాను. మేగజైన్ తీస్తే పేలదన్న పాత నమ్మకం దీనికి పనికిరాదని ఆ తరగతిలో నేను చెప్పలేదు. నాకు తెలియక కాదు. నాకు ఎంత బాగా తెలుసంటే, అందరికీ తెలుసనుకున్నాను. ఆ మాట విచారణలో చెప్పి ఉంటే ఆయన ఇంక్రిమెంటు నిలిచేదేమో, నాది పోయేదేమో. నాకు అప్పుడు ఇద్దరు చిన్న పిల్లలు. చెప్పలేదు.

ఆ తర్వాత బెల్ ఆఫ్ ఆర్మ్స్ గుమ్మం పక్కన ఇసుక నింపిన డబ్బా పెట్టించాను. దాని వైపే పిస్తోలు మూతి పెట్టి ఖాళీ చేయాలి. ప్రతి తరగతిలో మొదటి మాటగా, ఇందులో ఏమేం లేవో చెప్పడం మొదలుపెట్టాను. నేను రిటైరయ్యేదాకా అక్కడ మళ్ళీ అలా జరగలేదు. బాబాయ్ రిటైరైన కొన్నాళ్ళకు వాళ్ళింటికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "నువ్వు చెప్పినా ఆ రాత్రి నాకు గుర్తొచ్చేదో లేదోరా అబ్బాయ్. కానీ ఆ రోజు విచారణలో చెప్పాల్సింది" అన్నాడు. పిన్ని టీ తెచ్చింది. ఆయన కుడిచేత్తో కప్పు అందుకున్నాడు. అంతే.

ఈ సంగతి ఇంతమందిలో చెప్పడం ఇదే మొదటిసారి. ఎందుకు చెప్పానంటే, ఈ చాపల మీద కూర్చున్నవాళ్ళలో రేపు కొందరు యంత్రాలు చేస్తారు. అవి తుపాకులు కానక్కరలేదు. పంపుసెట్లు కావచ్చు, మందుల మిషన్లు కావచ్చు, ఫోన్లు కావచ్చు. ప్రతిదాన్నీ చిన్నగా, తేలికగా చేయమని లోకం అడుగుతుంది. చేయండి, అది మంచి పనే. కానీ ఒకదాన్ని చిన్నది చేసేటప్పుడు ఏదో ఒకటి తీసేస్తాం. ఆ తీసేసినదాని మీద ఎవరో ఇరవై ఏళ్ళుగా ఆనుకుని బతుకుతూ ఉండవచ్చు. కొత్తదానిలో ఏముందో అమ్మేవాడు చెబుతాడు. పాతదానిలో ఉండి కొత్తదానిలో లేనిదేమిటో మీరు చెప్పాలి. వాల్తర్ పిస్తోలు వెనక ఉన్న ఆ చిన్న పిన్నును గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఎవరో ఒక ఇంజనీరు, రాత్రి పదకొండు గంటలకు అలసిపోయి వచ్చే మనిషిని తలుచుకుని దాన్ని పెట్టాడు.

చివరగా ఒక మనవి. మన సంఘం ఈ స్వర్ణోత్సవానికి సైన్సు రూము బాగుచేయిస్తోందని విన్నాను. నా వంతుగా రెండు చక్రాల ట్రాలీలు, వాటి మధ్య బిగించే స్ప్రింగు, ఒక త్రాసు కొనిస్తాను. ఒక ట్రాలీలో ఒక ఇటుక, ఇంకోదానిలో రెండు ఇటుకలు పెట్టి స్ప్రింగు వదలండి. ఏది ఎంత వేగంతో పోతుందో పిల్లలే కొలుస్తారు. తుపాకీ అక్కర్లేదు. మా మాస్టారు వేసిన ఆ లెక్క నాలాగా ఇంకెవరికీ తప్పకూడదు.